సాగు రాయితీ సొమ్ము.. ఎవరి ఖాతాకు, ఎప్పుడు, ఎంత?

- పడమటి మండలాల రైతాంగానికి అందే ప్రభుత్వ సాయంపై సమగ్ర సమాచారం
- పట్టాదారుకు నగదు.. కౌలుదారుకు కార్డే ఆధారం
- ఈ-పంటలో పేరు లేకుంటే నష్టపరిహారానికీ దారి మూతే

మదనపల్లె, పుంగనూరు, కుప్పం: పడమటి మండలాల్లో సేద్యమంటే వానతో జూదం. జీవనది లేని ఈ మెట్ట ప్రాంతంలో చెరువు నిండితే పంట, బోరు ఎండితే అప్పు. మదనపల్లెలో టమోటా, పుంగనూరులో మామిడి, పాడి, కుప్పంలో కూరగాయలు, రాగి, మల్బరీ, అన్నిచోట్లా వేరుశనగ ఇక్కడి కుటుంబాలకు జీవనాధారం. ఇటువంటి చోట ప్రభుత్వం అందించే పెట్టుబడి సాయం, పంట నష్టపరిహారం, పరికరాల రాయితీ రైతుకు అదనపు ఆదాయం కాదు. విత్తనం నేలలో పడాలా, షావుకారు గడప తొక్కాలా అన్నది తేల్చే సొమ్ము అది. అయితే ఏ పథకం కింద ఎంత వస్తుంది, ఏ పత్రం లేకుంటే ఆగిపోతుంది అన్న విషయాలపై రైతుల్లో నేటికీ స్పష్టత కొరవడింది. ఈ నేపథ్యంలో ప్రధాన పథకాల వివరాలను పాఠకుల ముందుంచుతున్నాం.

ఒకే డివిజన్.. రెండు జిల్లాలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు ఉమ్మడి చిత్తూరు జిల్లాలో చిరకాలం మదనపల్లె రెవెన్యూ డివిజన్ పరిధిలోనే ఉండేవి. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మదనపల్లె అన్నమయ్య జిల్లాలో చేరగా, పుంగనూరు, కుప్పం చిత్తూరు జిల్లాలోనే కొనసాగాయి. కుప్పం ప్రత్యేక రెవెన్యూ డివిజన్‌గా ఏర్పడింది. పథకాల నిబంధనలు రాష్ట్రమంతటికీ ఒకటే అయినా కరవు మండలాల ప్రకటన, పంట నష్టం అంచనా, బీమా ప్రకటనలు జిల్లా, మండలం ప్రాతిపదికన జరుగుతాయి. కాబట్టి పక్క మండలంలో బంధువుకు పరిహారం వచ్చినంత మాత్రాన తనకూ వస్తుందని రైతు భావించరాదు. తన భూమి ఏ మండలం, ఏ రెవెన్యూ గ్రామం పరిధిలో ఉన్నదన్నదే లెక్కకు వస్తుంది.

పెట్టుబడి సాయం పుట్టుపూర్వోత్తరాలు

రైతు చేతికి నేరుగా నగదు ఇచ్చే విధానం ఈ ప్రాంతానికి కొత్తది. అంతకు మునుపు సాయమంటే రుణమాఫీ, ఉచిత విద్యుత్తు, రాయితీ విత్తనాలే. 2004 మే 14న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రమాణ స్వీకారం చేసిన రోజునే ఉచిత విద్యుత్తు దస్త్రంపై సంతకం చేశారు. బోరుబావులే దిక్కైన పడమటి మండలాలకు అది పెద్ద ఊరట. 2008లో కేంద్రం దేశవ్యాప్తంగా వ్యవసాయ రుణమాఫీ ప్రకటించింది. 2014 తర్వాత రాష్ట్ర ప్రభుత్వం కుటుంబానికి రూ.1.5 లక్షల వరకు రుణ విముక్తి పథకాన్ని విడతల పద్ధతిలో చేపట్టింది.

నగదు బదిలీకి తెలుగు నేలపై తొలి అడుగు తెలంగాణలో పడింది. అక్కడ 2018 మే 10న రైతుబంధు పథకం ఎకరాకు సీజనుకు రూ.4,000 చొప్పున ఆరంభమైంది. కేంద్రం 2019 ఫిబ్రవరి 24న ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధిని ప్రారంభించింది. అదే నెలలో అప్పటి తెలుగుదేశం ప్రభుత్వం అన్నదాత సుఖీభవ పేరిట రాష్ట్ర సాయాన్ని ప్రకటించగా, ప్రభుత్వం మారడంతో అది నిలిచిపోయింది. 2019 అక్టోబర్ 15న వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం రైతు భరోసాకు శ్రీకారం చుట్టింది. కేంద్రం ఇచ్చే రూ.6,000కు రాష్ట్రం రూ.7,500 కలిపి ఏటా రూ.13,500 చెల్లించింది.

2024లో తిరిగి అధికారంలోకి వచ్చిన చంద్రబాబునాయుడు ప్రభుత్వం అన్నదాత సుఖీభవ-పీఎం కిసాన్ పేరుతో మొత్తాన్ని రూ.20,000కు పెంచింది. ఇందులో రాష్ట్ర వాటా రూ.14,000, కేంద్ర వాటా రూ.6,000.

విడతలు ఇలా..

అన్నదాత సుఖీభవ సొమ్మును మూడు విడతలుగా చెల్లించేలా ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. మొదటి, రెండో విడతల్లో రాష్ట్రం రూ.5,000 చొప్పున, మూడో విడతలో రూ.4,000 ఇస్తుంది. ప్రతి విడతలోనూ కేంద్రం రూ.2,000 కలుపుతుంది.

తొలి విడతను 2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శి మండలం తూర్పు వీరాయపాలెంలో ముఖ్యమంత్రి విడుదల చేశారు. రాష్ట్రవ్యాప్తంగా 46.85 లక్షల రైతు కుటుంబాలకు రాష్ట్ర వాటా కింద రూ.2,342.92 కోట్లు, కేంద్ర వాటా కింద రూ.831.51 కోట్లు విడుదలైనట్లు ప్రభుత్వం ప్రకటించింది. రెండో విడతను అదే ఏడాది నవంబర్ 19న కడప జిల్లా పెండ్లిమర్రిలో విడుదల చేశారు.

ఈ అంకెల్లో రైతులు గమనించాల్సిన విషయం ఒకటుంది. కేంద్రం విడుదల చేసిన మొత్తాన్ని రూ.2,000తో భాగిస్తే దాదాపు 41.5 లక్షల కుటుంబాలే తేలుతాయి. అంటే రాష్ట్ర సాయం అందినా కేంద్ర సాయం అందని కుటుంబాలు 5 లక్షలకు పైబడి ఉన్నాయన్నమాట. ఖాతాలో రూ.7,000కు బదులు రూ.5,000 మాత్రమే పడితే బ్యాంకు కోత విధించిందని ఆందోళన చెందనవసరం లేదు. పీఎం కిసాన్‌లో నమోదు కాకపోవడమో, అక్కడ ఈ-కేవైసీ పెండింగులో ఉండటమో కారణం కావచ్చు. రెండు పథకాలు ఒకే రోజు జమ అవుతున్నా అర్హతల జాబితాలు వేర్వేరు అన్న సంగతి మరువరాదు.

పీఎం కిసాన్‌కు ఎవరు అర్హులు?

ఈ పథకంలో కుటుంబమంటే భర్త, భార్య, మైనర్ పిల్లలు. ఆరంభంలో 2 హెక్టార్ల లోపు రైతులకే పరిమితం కాగా 2019 మే 31న కేంద్ర మంత్రివర్గం ఆ పరిమితిని తొలగించింది. అయితే ఈ కింది వారు అనర్హులు.

- గత మదింపు సంవత్సరంలో ఆదాయపు పన్ను చెల్లించినవారు
- ప్రభుత్వ ఉద్యోగులు, విశ్రాంత ఉద్యోగులు (నాలుగో తరగతి సిబ్బందికి మినహాయింపు ఉంది)
- నెలకు రూ.10,000 లేదా అంతకు మించి పింఛను పొందేవారు
- రాజ్యాంగ పదవుల్లో ఉన్నవారు, మాజీ, తాజా ప్రజాప్రతినిధులు
- వృత్తిలో కొనసాగుతున్న వైద్యులు, ఇంజినీర్లు, న్యాయవాదులు, చార్టర్డ్ అకౌంటెంట్లు, ఆర్కిటెక్టులు
- సంస్థల పేరిట ఉన్న భూములు

భూ యాజమాన్యానికి 2019 ఫిబ్రవరి 1ని గడువు తేదీగా మార్గదర్శకాల్లో నిర్ణయించారు. ఆ తర్వాత కొనుగోలు ద్వారా భూమి పొందినవారిని అయిదేళ్లపాటు పరిగణించబోమని, యజమాని మరణంతో వారసత్వంగా వచ్చిన భూమికి మాత్రం మినహాయింపు ఉంటుందని పేర్కొన్నారు. తండ్రి మరణించి ఏళ్లు గడిచినా పట్టా మార్పిడి చేయించుకోని కుటుంబాలు పల్లెల్లో కోకొల్లలు. మరణించిన వ్యక్తి పేరిట సాయం ఆగిపోతుంది. సాగు చేస్తున్న కుమారుడి పేరు దస్త్రాల్లో ఉండదు. ఫలితంగా ఇద్దరికీ అందదు. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, మరణ ధ్రువపత్రంతో మ్యుటేషన్‌కు దరఖాస్తు చేసుకోవడమే దీనికి మార్గం.

ఎకరంతో నిమిత్తం లేదు

తెలంగాణలో సాయాన్ని ఎకరాల లెక్కన ఇస్తారు. అక్కడ 2025 జనవరిలో మొదలైన రైతు భరోసా కింద సీజనుకు ఎకరాకు రూ.6,000 నిర్ణయించారు. ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబమే ప్రాతిపదిక. అర ఎకరం ఉన్నా, అయిదెకరాలు ఉన్నా అందేది రూ.20,000 మాత్రమే. చిన్న కమతాలు అధికంగా ఉన్న పడమటి మండలాలకు ఈ విధానం కొంత మేలు చేసేదే. ఎకరం మెట్ట ఉన్న వేరుశనగ రైతుకు విత్తనం, దుక్కి ఖర్చుల్లో చెప్పుకోదగ్గ భాగం ఇందులో తీరుతుంది. అదే కట్టెలు పాతి, తీగ కట్టి, బిందుసేద్యంపై టమోటా సాగు చేసే రైతుకు ఎకరా పెట్టుబడే లక్ష రూపాయలు దాటుతుంది. అతడికి ఈ సాయం కూలీల ఖర్చుకు కూడా చాలదు.

సరిహద్దుకు ఆవల కర్ణాటకలో 2019 నుంచి పీఎం కిసాన్‌కు అదనంగా రాష్ట్రం రూ.4,000 కలిపి ఇచ్చేది. 2023లో ప్రభుత్వం మారాక దాన్ని నిలిపివేశారు. రాష్ట్ర వాటా అన్నది ప్రభుత్వాలతో పాటు మారేదేనని, శాశ్వత ఆదాయంగా లెక్కించి అప్పు చేయడం క్షేమం కాదని ఈ అనుభవం చెబుతోంది.

కౌలుదారుకు కార్డే దిక్కు

పీఎం కిసాన్ భూ యజమానికి మాత్రమే వర్తిస్తుంది. కౌలు రైతుకు అందులో చోటు లేదు. ఈ లోటును పూరించేందుకు భూమి లేని అర్హులైన కౌలుదారులకు రూ.20,000 మొత్తాన్నీ రాష్ట్రమే భరిస్తుందని ప్రభుత్వం ప్రకటించింది. అయితే ఇందుకు పంట సాగుదారు హక్కు పత్రం, ఈ-పంటలో నమోదు తప్పనిసరి.

కౌలుదారులకు గుర్తింపునిచ్చేందుకు 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. దీని ప్రకారం ఇచ్చే కార్డు కాలపరిమితి 11 నెలలు. యజమాని, కౌలుదారు మధ్య ఒప్పందం, యజమాని సంతకం అవసరం. చిక్కంతా ఇక్కడే వస్తోంది. కార్డు ఇస్తే భూమిపై హక్కు పోతుందేమోనని, తన పేరిట వచ్చే సాయం ఆగుతుందేమోనని యజమాని వెనుకాడుతున్నాడు. నోటిమాటపై కౌలుకు తీసుకున్న రైతు సంతకం అడిగితే మరుసటి ఏడాది భూమి దక్కదన్న భయంతో మౌనం వహిస్తున్నాడు. పెట్టుబడి ఒకరిది, సాయం మరొకరిది అన్న దుస్థితికి మూలం ఇదే. కార్డు వల్ల సాగుదారుకు పంటపై తప్ప భూమిపై ఎటువంటి హక్కూ సంక్రమించదని చట్టం స్పష్టం చేస్తోంది. ఈ ఒక్క విషయాన్ని గ్రామసభల్లో యజమానులకు నచ్చజెప్పగలిగితే సగం సమస్య తీరుతుంది.

దస్త్రం సరిగా ఉంటేనే..

అన్ని పథకాలకూ పునాది రెవెన్యూ దస్త్రాలే. 1బీ, అడంగల్‌లో పేరు, విస్తీర్ణం, ఆధార్ సంఖ్య సరిగా ఉండాలి. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు చెలరేగి భూములకు సంబంధించిన దస్త్రాలు దగ్ధమైన ఘటన రాష్ట్రవ్యాప్తంగా చర్చకు దారితీసింది. ప్రభుత్వం ఆ కేసు దర్యాప్తును సీఐడీకి అప్పగించింది. కార్యాలయాల్లోని కాగితాలపైనే ఆధారపడటం ఎంత ప్రమాదకరమో ఆ ఘటన చాటింది. డీకేటీ పట్టా, పాసుపుస్తకం, పాత శిస్తు రశీదులు, 1బీ నకళ్లను ప్రతి రైతూ ఇంట భద్రపరచుకోవడం మేలు. మీభూమి వెబ్‌సైట్‌లో తన ఖాతా వివరాలను ఏడాదికోసారైనా సరిచూసుకోవాలి.

పంట పోతే పరిహారం ఎంత?

కరవు, అకాల వర్షం, వడగళ్ల వల్ల పంట దెబ్బతింటే ఇచ్చే సాయాన్ని పెట్టుబడి రాయితీగా వ్యవహరిస్తారు. విపత్తు సహాయ నిధి నిబంధనల ప్రకారం పంట నష్టం 33 శాతం లేదా అంతకు మించి ఉండాలి. 2015కు పూర్వం ఇది 50 శాతంగా ఉండేది. 2022-26 కాలానికి కేంద్రం నిర్ణయించిన రేట్లు ఇవి.

- వర్షాధార పంటలకు హెక్టారుకు రూ.8,500 (ఎకరాకు సుమారు రూ.3,440)
- నీటి వసతి ఉన్న పంటలకు హెక్టారుకు రూ.17,000 (ఎకరాకు సుమారు రూ.6,880)
- మామిడి వంటి బహువార్షిక పంటలకు హెక్టారుకు రూ.22,500 (ఎకరాకు సుమారు రూ.9,100)
- మల్బరీకి హెక్టారుకు రూ.6,000

గరిష్ఠంగా 2 హెక్టార్లకే వర్తింపు. రాష్ట్ర ప్రభుత్వాలు తమ నిధుల నుంచి అదనంగా ఇచ్చుకునే వీలుంది. 2023 ఖరీఫ్‌లో రాష్ట్రవ్యాప్తంగా 103 మండలాలను కరవు మండలాలుగా ప్రకటించగా అందులో అన్నమయ్య జిల్లాలో 18, చిత్తూరు జిల్లాలో 4 మండలాలు ఉన్నాయి.

పంట వేసిన వెంటనే ఈ-పంటలో నమోదు చేయించుకోని రైతు పేరు నష్టం జాబితాలో చేరదు. పొలంలో వేరుశనగ ఉండగా దస్త్రంలో బీడు అని ఉంటే పరిహారం రాదు. గ్రామ వ్యవసాయ సహాయకుడు పొలానికి వచ్చినప్పుడు సర్వే నంబరు, పంట, విస్తీర్ణం సరిచూసి వేలిముద్ర వేయాలి. జాబితాలను సామాజిక తనిఖీ కోసం ప్రదర్శించినప్పుడే అభ్యంతరం తెలపాలి. గడువు దాటాక చేసే వినతులకు ఫలితం స్వల్పం.

బీమాకు ఇప్పుడు ప్రీమియం తప్పదు

2019 ఖరీఫ్ నుంచి పంటల బీమాలో రైతు వాటా ప్రీమియాన్ని రాష్ట్ర ప్రభుత్వమే భరించింది. 2024-25 రబీ నుంచి రైతు తన వాటా చెల్లించి స్వచ్ఛందంగా చేరే పాత విధానం తిరిగి వచ్చింది. ఫసల్ బీమాలో రైతు వాటా బీమా మొత్తంపై ఖరీఫ్ ఆహార, నూనెగింజల పంటలకు 2 శాతం, రబీకి 1.5 శాతం, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతానికి మించరాదు. ఉచిత బీమా ఉందన్న పాత నమ్మకంతో ఊరుకున్న రైతు పంట పోయాక చింతించి ప్రయోజనం లేదు. తన మండలంలో ఏ పంటకు బీమా ప్రకటించారో, చివరి తేదీ ఎప్పుడో రైతు సేవా కేంద్రంలో ముందే తెలుసుకోవాలి.

తోతాపురికి కిలోకు రూ.4

ధర పతనమైనప్పుడు ఇచ్చే సాయానికి ఇటీవలి ఉదాహరణ తోతాపురి మామిడి. 2025 వేసవిలో దిగుబడి పోటెత్తగా, గుజ్జు పరిశ్రమల వద్ద పాత నిల్వలు పేరుకుపోయి ధర కుప్పకూలింది. పరిశ్రమలు కిలోకు రూ.8 చెల్లించాలని, రాష్ట్ర ప్రభుత్వం రూ.4 కలిపి రైతుకు రూ.12 దక్కేలా చూస్తుందని ప్రకటించారు. అదే ఏడాది జూన్‌లో పొరుగు రాష్ట్రాల తోతాపురి చిత్తూరు జిల్లాలోకి రాకుండా ఆంక్షలు విధించారు. జులైలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద 1.62 లక్షల టన్నులకు క్వింటాలుకు రూ.1,490.73 ధరను ఆమోదించి, వ్యయాన్ని చెరి సగం భరించేందుకు అంగీకరించింది.

పది టన్నులు అమ్మిన రైతుకు ఈ లెక్కన ప్రభుత్వ వాటా రూ.40,000. అయితే అది చేతికందాలంటే పంట నమోదు, కాయలు తోలిన తూకం చీటీ, ఆధార్‌తో అనుసంధానమైన ఖాతా మూడూ ఒకే పేరిట ఉండాలి. తోటను పూత దశలోనే వ్యాపారికి గుత్తకు ఇచ్చిన రైతులకు, బంధువుల పేరిట లోడు తోలినవారికి ఇటువంటి పథకంలో చిక్కులు తప్పవు. పరిశ్రమలు ప్రకటించిన ధర ఇవ్వడం లేదని ఆ సీజనులో రైతులు ఆందోళనలకు దిగారు. ప్రభుత్వ వాటా ఖాతాలో పడినా ప్రైవేటు వాటా తగ్గితే రైతుకు మిగిలేది అంతంతమాత్రమేనని ఆ సీజను నిరూపించింది.

టమోటాకు ఇటువంటి స్థిరమైన ఏర్పాటు లేదు. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో కిలో రూ.150 దాటిన సరకే మరో సీజనులో రోడ్డుపాలైంది. కేంద్రం 2018-19 బడ్జెట్‌లో రూ.500 కోట్లతో ప్రకటించిన ఆపరేషన్ గ్రీన్స్‌లో చిత్తూరు, అనంతపురం జిల్లాలను టమోటా క్లస్టర్లుగా గుర్తించారు. మిగులు సరకు రవాణా, నిల్వ ఖర్చుల్లో 50 శాతం రాయితీకి అందులో వీలు కల్పించారు.

బిందుసేద్యం.. ఎరువులు.. రుణం

నీటి ఎద్దడి ప్రాంతం కావడంతో బిందుసేద్యం రాయితీ ఇక్కడ కీలకం. 1990ల ద్వితీయార్ధంలో ఇజ్రాయెల్ పరిజ్ఞానంతో కుప్పంలో ప్రదర్శన క్షేత్రం నెలకొల్పారు. 2003 నవంబర్‌లో రాష్ట్ర సూక్ష్మ సేద్య పథకం మొదలైంది. 5 ఎకరాల లోపు ఎస్సీ, ఎస్టీ రైతులకు పరికరాలపై 100 శాతం, ఇతర చిన్న రైతులకు 90 శాతం రాయితీ ఇస్తున్నారు. ఈ సొమ్ము రైతు ఖాతాకు కాక పరికరాల కంపెనీకి వెళ్తుంది. కాబట్టి పైపుల నాణ్యత, అమర్చిన విస్తీర్ణం చూసుకున్నాకే పూర్తయినట్లు సంతకం చేయాలి. 2025 ఆగస్టు 30న పరమసముద్రం వద్ద ముఖ్యమంత్రి జలహారతితో హంద్రీ-నీవా జలాలు కుప్పం చేరినా, బోరుపై పొదుపు సేద్యం అవసరం తీరిపోలేదు.

కంటికి కనిపించని రాయితీ ఎరువులది. 45 కిలోల యూరియా బస్తాను రైతు రూ.266.50కు కొంటున్నాడు. మిగతా భారం కేంద్రానిది. ఆధార్ వేలిముద్రతో ఈ-పాస్ యంత్రంలో నమోదైన అమ్మకం మేరకే కంపెనీకి రాయితీ చేరుతుంది. రశీదు అడిగి తీసుకుంటే అధిక ధరపై ఫిర్యాదుకు ఆధారం ఉంటుంది.

కిసాన్ క్రెడిట్ కార్డుపై రూ.3 లక్షల వరకు పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా చెల్లిస్తే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. ఒక్క రోజు ఆలస్యమైనా ఈ ప్రయోజనం చేజారుతుంది.

సొమ్ము పడకుంటే ఏం చేయాలి?

1. ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకు ఎన్‌పీసీఐ ద్వారా అనుసంధానమైందో చూసుకోవాలి. రైతు ఇచ్చిన ఖాతాకు కాక, ఆఖరున అనుసంధానమైన ఖాతాకే సొమ్ము వెళ్తుంది. ఏళ్లుగా వాడని ఖాతాలో జమ అయిన సందర్భాలూ ఉంటాయి.
2. పీఎం కిసాన్ ఈ-కేవైసీని ఓటీపీ, వేలిముద్ర లేదా ముఖ గుర్తింపు ద్వారా పూర్తి చేయాలి. వేలిముద్రలు అరిగిన వృద్ధ రైతులకు ముఖ గుర్తింపు సులువు.
3. 1బీలోని పేరు, ఆధార్‌లోని పేరు ఒకేలా ఉన్నాయో లేదో సరిచూడాలి. ఇంటి పేరులో అక్షరం తేడా ఉన్నా దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది.
4. రైతు సేవా కేంద్రంలో అర్హుల, అనర్హుల జాబితా చూసి కారణాన్ని రాతపూర్వకంగా కోరాలి. 2020 మే 30న రైతు భరోసా కేంద్రాలుగా మొదలైన వీటి పేరు 2024లో మారింది.
5. రాష్ట్ర సాయంపై 155251, పీఎం కిసాన్‌పై 155261 నంబర్లలో సంప్రదించవచ్చు. మన మిత్ర వాట్సాప్ సేవ 95523 00009 ద్వారానూ వివరాలు తెలుసుకోవచ్చు.
6. ఓటీపీ చెప్పమని, లింకు నొక్కమని ఫోన్ చేసేవారిని నమ్మరాదు. సాయం జమ చేయడానికి ఏ అధికారీ ఓటీపీ అడగరు.

రాయితీ రైతుకు ప్రభుత్వం చేసే దానం కాదు. వానకు, ధరకు తలవంచి దేశానికి అన్నం పెడుతున్నందుకు సమాజం పంచుకునే భారం. ఆ సొమ్ము విత్తే వేళకు అందితేనే ప్రయోజనం. కోత ముగిశాక పడే డబ్బు అప్పు వడ్డీకే సరిపోతుంది. ఖరీఫ్‌కు ముందే జాబితాలు ప్రకటించడం, కౌలు కార్డుల కోసం గ్రామసభలు జరపడం, వారసత్వ మ్యుటేషన్లను శిబిరాల ద్వారా పరిష్కరించడం అధికార యంత్రాంగం చేతిలోని పనులు. ఆధార్, 1బీ, ఈ-పంట ఈ మూడింటినీ సరిచూసుకోవడం రైతు చేతిలోని పని. ఈ రెండూ కలిసినప్పుడే పడమటి మండలాల రైతుకు రావాల్సిన ప్రతి రూపాయీ అతడి ఖాతాకు చేరుతుంది.